బెల్లం కార్డు

మొన్న మోకాలు చూపించుకుందామని హనుమకొండలో ఒక పెద్ద ప్రైవేటు దవాఖానకు వెళితే, కౌంటరు వెనకాల కూర్చున్న అమ్మాయి కంప్యూటరు మీది నుంచి కళ్లు తిప్పకుండానే "కార్డు ఉందా అంకుల్?" అని అడిగింది. ఏ కార్డమ్మా అని నేను తిరిగి అడగడం పొరపాటు. ఆధార్ కార్డు, హెల్త్ కార్డు, పాత ఓపీ కార్డు, ఇన్సూరెన్సు కార్డు, లేకపోతే బ్యాంకు కార్డు అని ఆ పిల్ల ఒక్క ఊపిరిలో చదివేసింది. నా చొక్కా జేబులో అవన్నీ రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి, వాటితోపాటు లైబ్రరీ కార్డు, రేషన్ కార్డు నకలు, ఎప్పుడో అయిపోయిన ఒక పెళ్లికి పిలుపు కార్డు కూడా ఉన్నాయి. కట్ట విప్పి బల్ల మీద పేకముక్కల్లా పరిచేసరికి మా ఆవిడ రెండడుగులు పక్కకు జరిగి, నాకూ తనకూ పరిచయం లేనట్టు గోడ గడియారం చూడటం మొదలుపెట్టింది. "జర తొందరగ అంకుల్, వెనక లైన్ ఉన్నది" అంది ఆ అమ్మాయి. తప్పేం లేదు, లైను నిజంగానే ఉంది.

వరసగా వేసిన స్టీలు కుర్చీల్లో కూర్చున్నాక నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ మాట మీద. నలభై ఏళ్లకు పైగా ఒక ఇంగ్లీషు మాట మీద కోపం పెట్టుకుని తిరిగే మనిషి సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్టు కాదని నాకూ తెలుసు, కాని నేను అక్కడికి వెళ్లింది మోకాలి కోసం మాత్రమే.

మన తరంవాళ్లకు కార్డు అంటే ముందు పోస్టు కార్డు, ఆ తర్వాత కిరోసిన్ కోసం వరసలో నిలబడ్డప్పుడు చంకలో పెట్టుకున్న రేషన్ కార్డు, బడిలో తండ్రి వేలిముద్ర వేయించుకుని రమ్మనే ప్రోగ్రెస్ కార్డు. సెలవుల్లో అరుగుల మీద కూర్చునేవాళ్లకు కార్డులంటే పేకముక్కలు. నలుగురినీ నవ్వించే మనిషిని కూడా ఇంగ్లీషువాళ్లు కార్డు అంటారని డిగ్రీలో తెలుసుకుని, తరగతిలో నాకు ఆ పేరు వచ్చేలా చూడాలని ఒక ఏడాది పాటు ప్రయత్నించాను గాని ఎవరూ పిలవలేదు. నిఘంటువు చెప్పేదాన్ని బట్టి ఈ మాట పుట్టుక ఈజిప్టులో నది ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లు దగ్గర. దాని పొరలతో చేసిన కాగితానికి గ్రీకులు పెట్టుకున్న పేరు లాటిన్‌లోకి పోయి, ఫ్రెంచిలో కొన్నాళ్లు కాపురం చేసి, ఇంగ్లండు చేరేసరికి పేకముక్క అయి కూర్చుంది. గోడకు తగిలించే చార్టు, రాజులిచ్చే చార్టర్, పత్రికలో కార్టూను, అట్టపెట్టెకు మనం వాడే కార్టన్, ఇవన్నీ దానికి అన్నదమ్ముల పిల్లల వరస.

ఇక్కడితో ఆగితే ఇదొక మర్యాదైన మాటగానే మిగిలేది. కాని అవే అక్షరాలతో ఇంకొక కార్డు ఉంది, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మన చెలకల్లో కనిపించే బ్రహ్మదండి లాంటి ఒక ముళ్ల మొక్క పేరులో దాని వేరు ఉందంటారు. ఆ మొక్క ఎండిన తలలతో వెనకటి రోజుల్లో ఉన్నిని దువ్వేవారట, ముళ్ల మధ్యలోంచి లాగితే పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, చెత్త ఊడిపోయేదట. తర్వాత ముళ్లకు బదులు ఇనుప తీగల పళ్లు వచ్చాయి, చేతికి బదులు ఎడ్లబండి చక్రం కన్నా పెద్ద డోలు తిరిగే యంత్రం వచ్చింది, ఉన్నికి బదులు దూది వచ్చింది, పేరు మాత్రం కార్డింగు అనే నిలిచిపోయింది. మొదటి కార్డు చదువుకున్నవాళ్ల జేబుల్లో ఉంటుంది. రెండోది మా బాపు ఊపిరితిత్తుల్లో ఉండేది.

వరంగల్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద మిల్లు వేరు. మా బాపు, అంటే మా నాన్న, పనిచేసింది నర్సంపేట పోయే రోడ్డు మీద ఉన్న చిన్న నూలు మిల్లులో, దాని పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పను. నర్సంపేట నుంచి, పరకాల నుంచి లారీల మీద దూది బేళ్లు వచ్చేవి. వాటిని విప్పి, దులిపి, కార్డింగు గదిలోకి తోసేవారు. ఆ గది కిటికీలు తెరిస్తే గాలికి దూది లేస్తుందని ఎప్పుడూ మూసే ఉంచేవారు, అందువల్ల లేవాల్సిన దూదంతా లోపలే లేచేది. కొత్తగా పనిలో చేరినవాళ్లు మొదటి రోజు గుమ్మంలో నిలబడి, మిల్లు మొత్తంలో ఇదే శుభ్రమైన గది అనుకునేవారట, అంత తెల్లగా ఉండేది. అందులో మా బాపు పని, యంత్రం ఆపి, డోలు మీది తీగల పళ్ల మధ్య ఇరుక్కున్న పీచునూ మట్టినీ బ్రష్షుతో గీకి తీయడం. ఆ పని చేస్తున్నంతసేపూ పక్క యంత్రం దగ్గర ఉన్న మనిషి కనిపించేవాడు కాదని చెప్పేవాడు. ఆ పక్క యంత్రం మనిషిని నేను కాకా అని పిలిచేవాణ్ని, బాపుకు సొంత తమ్ముడు కాకపోయినా అంతకు తక్కువేమీ కాదు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి బాపు కనుబొమలు, చెవులమీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. మా చెల్లె చిన్నప్పుడు "ముసలి బాపు వచ్చిండు" అని అవ్వను పిలిచేది, అవ్వ అంటే మా అమ్మ. బాపు పెరట్లో తొట్టి దగ్గర ముఖం కడుక్కుని తిరిగి ముప్పై ఏళ్లవాడయ్యేవాడు. ఆ తర్వాత తువ్వాల కొంగు ముడి విప్పేవాడు. అందులో బెల్లం ఉండేది.

ఆ బెల్లం గురించి కాస్త వివరంగా చెప్పాలి. దూది పని చేసేవాళ్లు బెల్లం తింటే గొంతులో అంటుకున్న పీచు బెల్లంతోపాటు కడుపులోకి జారిపోతుందని ఒక నమ్మకం. దాన్ని ఎవరు పుట్టించారో తెలియదు గాని మా మిల్లు యాజమాన్యం మాత్రం భక్తితో పాటించింది. కార్డింగు గదిలో పనిచేసే ప్రతి మనిషికీ ఒక గులాబీరంగు కార్డు ఇచ్చారు. దాని మీద నెలకు సరిపడా గళ్లు. రోజూ గేటు దగ్గర ఒక గుమాస్తా, బుట్టలోంచి పెద్ద నిమ్మకాయంత బెల్లం ముక్క తీసి చేతిలో పెట్టి, ఆ రోజు గడి మీద ముద్ర కొట్టేవాడు. ఇతర గదులవాళ్లకు అది లేదు. కాబట్టి కార్డింగువాళ్లు తమను యాజమాన్యం ప్రత్యేకంగా చూసుకుంటున్నదని కొంచెం గర్వంగా కూడా ఉండేవారు, ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

బాపు తన బెల్లాన్ని ఒక్క రోజు కూడా తినలేదు. ఆ గదిలో పిల్లలున్న మగవాళ్లెవరూ తినలేదు. గేటు దాటి పది అడుగులు వేశాక తువ్వాలలో ముడివేసుకునేవారు, అది అక్కడి ఆచారం, ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. అవ్వ ఆ ముక్కను రోటి బండతో మూడుగా పగలగొట్టేది, నాకు, అక్కకు, చెల్లెకు. అందులో సన్నటి దూది పీచు కూడా వచ్చేది. నములుతూ పళ్ల మధ్యలోంచి ఆ పీచు లాగి, ఎవరిది పొడుగో చూసుకోవడం మా ఆట. నెల నిండిన కార్డులు ఇంట్లోనే పడి ఉండేవి. మందంగా, నున్నగా ఉండేవి కనుక, నేను కాలేజీకి వెళ్లాక నా పుస్తకాల్లో చదివిన పేజీకి గుర్తుగా వాటినే పెట్టుకునేవాణ్ని. ఇది కూడా కాస్త గుర్తుంచుకోండి.

వారానికొక సెలవు ఆదివారం. ఆ రోజు బాపు బాగానే ఉండేవాడు, పొద్దున కూరగాయలు తెచ్చేవాడు, నన్ను సైకిలు మీద భద్రకాళి చెరువు దాకా తిప్పేవాడు. సోమవారం పనిలోకి వెళ్లిన కాసేపటికి ఛాతీ మీద బండ పెట్టినట్టయ్యేదట. మంగళవారం కొంచెం నయం, బుధవారానికి అలవాటు. కార్డింగులో అందరికీ ఇదే వరస. దానికి వాళ్లే సోమారం దమ్ము అని పేరు పెట్టుకుని నవ్వుకునేవారు. సెలవు పూట ఇంట్లో పడుకుని బద్ధకం మరిగిన ఛాతీ పనికి మొండికేస్తాందని కాక వేళాకోళం చేసేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి అది సోమారంతో ఆగేది. నేను డిగ్రీలో చేరేనాటికి గురువారం దాకా సాగింది. ఇంకో ఏడాదికి ఆదివారం కూడా ఆయనది కాకుండా పోయింది. మా ఇంటి ముందు మూడు మెట్లుండేవి, రెండో మెట్టు మీద ఆగి, చెప్పు తెగిందేమో చూసుకుంటున్నట్టు నటించేవాడు. చెప్పు రోజూ తెగదు కదా.

మిల్లుకు ఒక డాక్టరు ఉండేవాడు, వారానికి రెండు పూటలు వచ్చేవాడు. బాపు ఛాతీ మీద గొట్టం పెట్టబోతూ, అది ఆనకముందే చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఇంటికి తెచ్చి నాతో చదివించుకుంటే, బీడీలు మానవలెను అని ఉంది. మా బాపు జన్మలో బీడీ తాగలేదు. "ఇన్నేండ్లు కాపురం చేసిన, ఈయన నోట్ల బీడీ ఎన్నడు చూడకపోతి. డాక్టరుకు గొట్టంల కనపడ్డదా?" అంది అవ్వ. మేమందరం నవ్వాం. బాపు కూడా నవ్వబోయి దగ్గాడు. ఆ డాక్టరు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. తెలిస్తే పెద్దగా ఏమీ చేయను, ఎదురుగా కూర్చుని ఆయన చీటీని ఆయనకే చదివి వినిపిస్తాను, రోజుకొకసారి.

మిల్లులో దూది లేవని గది ఒకటుంది, తయారైన నూలును కట్టలు కట్టే గది. కిటికీలు తెరిచి ఉండేవి. బాపును అందులోకి మార్చమని అడగాలని కాక అన్నాడు. ఆ గదిలోకి పోతే మనిషి ఇంకో ఇరవై ఏళ్లు బతుకుతాడు, పోకపోతే ఎన్నాళ్లో చెప్పలేం, అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, పైకి అనలేదంతే. మేనేజరు బయటి రాష్ట్రం మనిషి. "ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లీషుల రాస్తనే సదువుతడు. మన పోరడు బియ్యే జేస్తాండు గద, గీ ఒక్క కాగితం రాయనీకి రాకపోతే గా సదువెందుకు మరి?" అన్నాడు కాక, నా ఎదురుగానే, బాపుతో.

నా చదువు ఎందుకో చూపించాలని నాకూ పట్టుదల వచ్చింది. కాలేజీ లైబ్రరీలో ఎవరూ ఎత్తుకుపోలేనంత బరువున్న ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉండేది. దరఖాస్తులో కార్డింగు అనే మాట ఎక్కడా తప్పు పోకూడదని దాన్ని తెరిచాను. ఇందాక మీకు చెప్పిన రెల్లు, గ్రీకు, పేకముక్క, ముళ్ల మొక్క అన్నీ నాకు ఆ రోజే దొరికాయి. రెండు మధ్యాహ్నాలు ఆ పేజీ మీదే గడిపాను. ఒక మాటకు ఇంత వెనకటి కథ ఉంటుందని తెలిసి నాకు మత్తెక్కినట్టయింది. మూడు పేజీల దరఖాస్తు రాశాను. మొదటి పేజీ అంతా ముళ్ల మొక్కే. ఊపిరాడక ఇబ్బంది పడుతున్న మనిషి రెండో పేజీ చివర్లో ప్రవేశించాడు.

పది రోజుల తర్వాత విచారణకు రమ్మన్నారు. మేనేజరు గదిలో మేనేజరు, ఆ డాక్టరు, కార్మికుల మంచిచెడ్డలు చూడటానికి పెట్టిన వెల్ఫేర్ ఆఫీసరు. ఇటుపక్క బాపు, మాటలు తర్జుమా చేయడానికి నేను. కాకను బయటే ఆపేశారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మమ్మల్ని కూర్చోమన్నారు, బాపు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

మేనేజరు మర్యాదస్తుడు. మర్యాద విషయంలో నాకున్న అనుమానాలన్నీ ఆయనతోనే మొదలయ్యాయి. నా దరఖాస్తు చేతిలో పట్టుకుని, ఇంత మంచి ఇంగ్లీషు ఈ మిల్లు ఆఫీసులో కూడా ఎవరికీ రాదని, ఆ ముళ్ల మొక్క సంగతి తనకు కొత్తదని, ఏ కాలేజీ అని అడిగాడు. చెప్పాను. ఆయన తల ఊపాడు. బాపుకు మాటలు అర్థం కాకపోయినా కొడుకును మెచ్చుకుంటున్నారని అర్థమై, మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. ఆ ఆనుకోవడం నా కంటి కొసకు కనిపించింది. ఇంక నా కాళ్లు నేల మీద లేవు.

అప్పుడు మేనేజరు, ఏదో మాటల్లో మాటగా, మీ నాన్నగారు రోజూ బెల్లం తీసుకుంటున్నారు కదా అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను బాపు వైపు తిరిగి ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాలి. నేను అక్కడ ఉన్నదే అందుకు. కాని అంత మంచి ఇంగ్లీషు వచ్చినవాణ్ని, ఇంత చిన్న ప్రశ్నకు తర్జుమా ఎందుకనుకున్నాను. పైగా మా బాపు ఎలాంటి మనిషో వీళ్లకు తెలిస్తే వాళ్ల మనసు కరుగుతుందనుకున్నాను. తీసుకుంటారు గాని ఒక్క ముక్క కూడా తినరు సార్, ఇన్నేళ్లుగా తువ్వాలలో కట్టుకుని మా కోసం ఇంటికి తెస్తున్నారు అని, గొంతు కొంచెం వణికించి మరీ చెప్పాను. ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు, వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు.

మేనేజరు నా దరఖాస్తును బల్ల మీద పెట్టాడు. మనసులు కరుగుతున్నాయనుకున్నాను. వెల్ఫేర్ ఆఫీసరు ఫైలులోంచి గులాబీరంగు కార్డు ఒకటి తీసి, వెనక్కి తిప్పి, నా ముందుకు జరిపాడు. వెనకవైపు చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వరసలున్నాయి. ఈ బెల్లం మిల్లు ఆవరణలోనే తినవలెనని, తినని పక్షంలో దూది వల్ల కలిగే ఏ ఇబ్బందికీ యాజమాన్యం బాధ్యత వహించదని. అలాంటి కార్డులు ఆ నిమిషాన నా సంచిలో కూడా ఉన్నాయి, నా పుస్తకాల్లో, పేజీ గుర్తులుగా. మాటకు రెండు వేల ఏళ్ల వెనకటి కథ వెతికిన నేను, చేతిలో ఉన్న కార్డును ఒక్కసారి వెనక్కి తిప్పి చూడలేదు.

మేనేజరు ఏమీ గొంతు పెంచలేదు. కంపెనీ తీసుకోవలసిన జాగ్రత్త తీసుకుందని, కార్మికుడే దాన్ని వాడుకోలేదని, ఇది ఆయన కొడుకే చెప్పిన మాట కాబట్టి ఇక విచారించవలసింది లేదని, గది మార్చడానికి కారణం కనబడటం లేదని చెప్పాడు. డాక్టరు ఏదో రాసుకున్నాడు, బీడీ అని రాసుకునే అవసరం ఈసారి ఆయనకు లేకపోయింది. తర్వాత మేనేజరు నా వైపు చూసి, ఇదంతా మీ నాన్నగారికి దయచేసి వివరించు అన్నాడు. నేను వివరించాను. జీవితంలో నేను చేసిన మొదటి తర్జుమా అదే, మూలంలో ఒక్క మాట వదలకుండా చేశాను.

బాపు విని, లేచి, వాళ్లకు దండం పెట్టాడు. ఆ దండం విషయంలో నేను ఎవరినీ క్షమించలేదు.

బయట కాక సంగతి విని తల పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ముందురోజు సాయంత్రమే కార్డింగువాళ్లంతా కూర్చుని బాపుకు చెప్పిపెట్టారట, బెల్లం మాట వస్తే తిన్ననని చెప్పాలని. తన మాట తనే చెప్పుకోవచ్చు గదా అని బాపు నాకు ఆ సంగతి చెప్పలేదు.

"ఏమడిగినా తిన్న అని చెప్పుమన్న గద అన్నా, నువ్వెందుకు నోరు మెదపకపోతివి?" అన్నాడు కాక.

"నన్నడిగితే గద, నేను చెప్పేది" అన్నాడు బాపు.

కాక నా వైపు తిరిగాడు. "మరి నువ్వేం జేసినవ్ ర? గంత సదువు సదివి, గిదా నువ్వు జేసింది? రేపటిసంది మా అందరి నోళ్లు తెరిసి చూస్తరు వాళ్లు."

"ఊకో. పోరడు అబద్ధమాడలే గద" అన్నాడు బాపు, మధ్యలో ఊపిరి కోసం ఆగి. ఇంటిదాకా ఆ ఒక్క మాటే అన్నాడు. నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికి ఆయన దగ్గర అంత ఊపిరి లేదని, ఉన్న కొంచెం నన్ను వెనకేసుకు రావడానికి ఖర్చుపెట్టాడని అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

కాక చెప్పినట్టే అయింది. మర్నాటి నుంచి గేటు దగ్గర గుమాస్తా పక్కన ఇంకొకడు నిలబడ్డాడు. బెల్లం అక్కడే నోట్లో వేసుకోవాలి, మింగాక నోరు తెరిచి చూపించాలి, అప్పుడే గడి మీద ముద్ర. పెళ్లీడు పిల్లలున్న మగవాళ్లు వరసలో నిలబడి నోళ్లు తెరిచారు. బాపు తువ్వాల ముడి లేకుండా ఇంటికొచ్చాడు. మా చెల్లె అప్పటికి పెద్దదే, అయినా ఆయన ముఖం కడుక్కుని వచ్చేదాకా గుమ్మంలో నిలబడింది. "ఇయ్యాల బెల్లం లేదా బాపు?" అంది. ఆయన రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. అవ్వ రోటి బండను మూలకు జరిపింది. అక్కకు అప్పటికి పెళ్లయిపోయింది, లేకపోతే ఆ చూపులు కూడా నేను భరించవలసి వచ్చేది.

బాపు అదే గదిలో ఇంకా కొన్నేళ్లు పనిచేశాడు. ఎనభైల నడుమ మిల్లు మూతపడింది, ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. చివరి రోజుల్లో పడుకోలేకపోయేవాడు, మంచం మీద దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చునే ఉండేవాడు. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాను. నాకు వేరే ఏ పనీ రాదని అప్పటికే రుజువైంది కదా.

ఆ రోజుల్లో నా మనసులో ఒకటే గుచ్చుకునేది, బాపు మందు మేము తినేశామని. ఆయన గొంతులో జారవలసిన బెల్లం మా ముగ్గురి గొంతుల్లో జారిందని. ఆయన పోయిన రెండు మూడేళ్లకు, పిల్లలకు చెప్పవలసిన పాఠంలో ఏదో మాట చూసుకుందామని పాత కాలేజీ లైబ్రరీకి వెళ్లి, అదే నిఘంటువు తెరిచాను. నాకు కావలసిన మాట బి అక్షరం చివర్లో ఉంది. దాని కింద కనిపించింది, బి పక్కన వై పెట్టి రాసే బిస్సినోసిస్. దూది, నార దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, నూలు మిల్లు కార్మికులకు వచ్చేది, అని. అదీ గ్రీకు నుంచే వచ్చింది, సన్నటి నార బట్టకు వాళ్ల పేరు. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను.

నేను ఆ రెండు మధ్యాహ్నాలూ కూర్చున్నది సి అక్షరం మొదట్లో. బి చివరకు, సి మొదటికి మధ్య ఎన్ని పేజీలుంటాయో చేత్తో పట్టి చూశాను, బాపు తెచ్చే బెల్లం ముక్క మందం కూడా లేదు. ఆ జబ్బుకు పేరుంది. ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లీషు వైద్యం చదివిన ఆ డాక్టరుకు తెలియకుండా ఉండదు. సోమవారం ఎక్కువవడం దాని గుర్తేనని తర్వాత ఇంకో పుస్తకంలో చదివాను, మా వాళ్లు నవ్వుకుంటూ పెట్టుకున్న పేరు వైద్యులు రాసుకున్న లక్షణమే. బెల్లం పోయేది ఆహారం పోయే దారిన, దూది పోయేది గాలి పోయే దారిన, ఆ రెండు దారులూ వేరని ఎనిమిదో తరగతి పుస్తకంలో బొమ్మ కూడా ఉంటుంది. అంటే బాపు ఆ బెల్లం రోజూ గేటు దగ్గరే తిన్నా ఏమీ ఒరిగేది కాదు. మాకు పెట్టడం వల్ల ఆయనకు పోయిందేమీ లేదు. ఇది తెలిసి నాకు మనసు తేలికపడాలి. పడలేదు. మూసిన కిటికీలు తెరవడానికి బదులు ఒక బుట్టెడు బెల్లం పెట్టి, కార్డు వెనక రెండు వరసలు అచ్చువేసి, వాళ్లు హాయిగా తప్పుకున్నారు, తప్పుకోవడానికి కావలసిన ఆఖరి మాట నేను మంచి ఇంగ్లీషులో అందించాను.

ఆ మిల్లు స్థలంలో ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఈమధ్య కాక మనవరాలి పెళ్లి అందులోనే జరిగింది. కాక లేడు, పోయి చాలా ఏళ్లయింది, ఆయనదీ అదే దగ్గు. పాత గోడల్లో ఒక్కటి కూడా మిగల్లేదు, కార్డింగు గది ఎక్కడ ఉండేదో నేను అడుగులు లెక్కపెట్టి అంచనా వేసుకోవలసి వచ్చింది. బహుశా భోజనాల హాలు ఉన్నచోటే. చల్లటి గాలి మిషన్లు నడుస్తున్నాయి, కుర్రవాళ్లు పరుగెత్తి వడ్డిస్తున్నారు, నా వయసువాళ్లు ఇద్దరు ముగ్గురు పలకరించారు, మన రోజులే వేరు అన్నారు. అవును, వేరే. మన రోజుల్లో ఒక మనిషి ఇంత దూరం నడిచి వచ్చి, ఇన్ని మెట్లెక్కి, ఇలా నిమ్మళంగా కూర్చోవడం అందరికీ జరిగే పని కాదు. విస్తరి ముందు కూర్చున్నాక ఎందుకో గట్టిగా ఊపిరి పీల్చాను. ఈ వయసులో కూడా అది ఎక్కడా తట్టుకోకుండా, అడుగుదాకా, సులువుగా వెళ్లింది. పక్కన కూర్చున్న మా ఆవిడ ఏమైందని అడిగింది, ఏమీ లేదన్నాను. ఆ సులువు మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఆమెకు చెప్పడం నా వల్ల కాలేదు.